నేను ఎంచిన ఇరుసు

నాన్న పాత కారు వెనక ఇరుసు అరిగిపోతే, ముత్తియాల్‌పేట మెకానిక్ వేరే బండ్లవి రెండు చూపించాడు. వాటిలో బాగా మెరుస్తున్నదే కావాలని పట్టుబట్టాను.

"ఇప్పి చూడాల సార్. లోపల పళ్లచక్రం అవతలి పక్కనుంటే తంటా," అన్నాడు.

"రేపు రాహుకాలం లోపల బండి కదలాల. ఇప్పేదానికి టైం యాడుంది? బిగించన్నా!" అని కసిరాను.

మర్నాడు మెకానిక్ షెడ్డు ముందే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. దండం పెట్టుకుని, మొదటి గేరు వేసి క్లచ్ వదిలాను. బండి వెనక్కి పోయింది! గేరు చూసుకున్నాను. మొదటిదే. మళ్లీ వదిలాను. మళ్లీ వెనక్కే.

మెకానిక్ కిటికీ దగ్గరికొచ్చాడు. "పళ్లచక్రం అవతలి పక్కనే ఉండాది సార్. ఇంక మీకు ముందుకు పొయ్యే గేరు ఒకటే, రివర్సు."

రాహుకాలానికి పది నిమిషాలున్నాయి. రివర్సు వేసి, నిమ్మకాయలు తొక్కించాను.