బద్వేలు ఎండకు ఏ నెలలో వెళ్ళాలి?

మా ఆవిడ రాహేలమ్మకు ఉబ్బసం. బందరులో మంచు కురిసే రోజులొస్తే పడుకోలేదు, పడుకుంటే ఊపిరాడదు. "పొడిగాలి ఉన్న సీమకు తీసుకుపొండి. ఇంకో చలికాలం ఇక్కడే గడిపితే నేను పూచీపడలేను" అన్నారు డాక్టరుగారు. మా పాస్టరుగారు బద్వేలు దగ్గరి పల్లెలో ఉన్న దావీదు అనే రైతుకు, మాకో ఇల్లు చూసిపెట్టమని ఉత్తరం రాసిచ్చారు. ఏ నెల అనుకూలమో చూసి రావడానికి ముందు నేనొక్కణ్ణే బయలుదేరాను. అదీ భాద్రపదంలో! వానాకాలంలోనే పొడిగా ఉంటే మిగతా నెలల గురించి అడగక్కర్లేదు కదా అని నా తెలివితేటలు.

బెజవాడలో ఉదయం ఎక్కిన రైలు నల్లమల అడవి దాటి సాయంత్రానికి నంద్యాల చేరింది. దారిలో ఎదుటి బల్ల మీది ఆదోని రైతును, మీ సీమకు ఎప్పుడు రావడం మంచిదని అడిగాను.

"జొన్న కోతలైనంక రాప్పా. అప్పుడు మా చేతిలో దుడ్లుంటాయి, నీకు కడుపునిండా పెడతాం" అన్నాడు.

నంద్యాలలో టీ కొట్టు సాయెబు మాత్రం మామిడిపండ్ల కాలమే అన్నాడు. ఎండ సంగతి అడిగితే ఇద్దరూ తిండి సంగతి చెప్పారు. రెండూ పుస్తకంలో రాసుకున్నాను.

మర్నాడు బొగ్గు బస్సు, పెట్రోలు దొరక్క వెనకాల బొగ్గుపొయ్యి తగిలించి నడిపేది. ఎనిమిదింటికి కదలాలి, పొయ్యి అందుకునేసరికి తొమ్మిదిన్నర. మైదుకూరులో దిగి రొట్టె, చెనిక్కాయల చట్నీ, అదే మన వేరుశనగ పచ్చడి, తిన్నాం. నాలుక మండిపోయింది గాని బాగుంది. మూడు గంటలకు బద్వేలు, అక్కణ్ణుంచి ఎద్దులబండి మీద పల్లె.

దావీదు, వాళ్ళమ్మ శాంతమ్మ నాకోసం వాకిట్లో మంచం వేసి ఉంచారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. గాలి పీలిస్తే చెమ్మన్నదే తగల్లేదు. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

"వానాకాలంలో కూడా చినుకు లేదు! ఎంత అదృష్టవంతులండీ మీరు!" అన్నాను.

శాంతమ్మ లేచి, "రా నాయనా, చూపిస్తా" అని నన్ను ఊరి బావి దగ్గరకు తీసుకెళ్ళింది. దిగుడుమెట్లు అడుగుదాకా బయటపడి ఉన్నాయి. కింద ఇద్దరు ఆడవాళ్ళు చెంబుతో నీళ్ళు తోడి కడవలో పోస్తున్నారు, చెంబుకీ చెంబుకీ మధ్య ఊట కోసం ఆగుతూ.

"ఇల్లు ఉండాది, ఎండ కావాల్సినంత ఉండాది. నీల్లే ల్యావు. వాన పడకుంటే జబ్బు మనిషిని ఈడికి పిల్చుకోని రావద్దప్పా" అంది.

కోపం లేకుండా అంది. అందుకే నాకు మరీ సిగ్గేసింది. సిగ్గు కంటే భయం ఎక్కువేసింది. ఇక్కడికి కాకపోతే రాహేలును ఎక్కడికి తీసుకుపోను?

మర్నాడు ఆదివారం. మూడు వారాలుగా ఆరాధన అయ్యాక అందరూ గుడి బయట ఎండలో మోకాళ్ళూని వాన కోసం ప్రార్థిస్తున్నారట. నేనూ మోకరించాను. శాంతమ్మ పైకే ప్రార్థన చేసింది:

"తండ్రీ, ఈయప్ప పెండ్లానికి తేమ సరిపడదంట. కార్తీకం లోపలే కురిపించి, ఆయమ్మ వచ్చేపొద్దుకు నిలిపేయి. మాకు అది చాలు."

చేలు ఎండిపోతున్న మనిషి వానకు కూడా హద్దు పెట్టి అడిగింది, చూడని ఆడదాని కోసం. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆమెన్ అన్న గొంతుల్లో నాదే పెద్దది.

మంగళవారం తిరుగు ప్రయాణం. మైదుకూరు ఇంకా రాకముందే మబ్బు కమ్మి, పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. ఎవరూ అడక్కుండానే డ్రైవరు బస్సు ఆపాడు. సామాన్లు లోపలే వదిలి అందరూ దిగి వానలో నిలబడ్డారు, వాళ్ళతో నేనూ.

మీలో ఎవరైనా ఈ సీమకు రాదలిస్తే, వాన పడిన ఏడాది కార్తీకం దాటాక రండి. ముందుగా ఉత్తరం రాసి బావి సంగతి అడగండి. ఎండకు, మనుషులకు మాత్రం కొదవ ఉండదు.

ఆ వానలో నా పక్కన తడుస్తున్న ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"మేమంటే సరే. ఊరుగాని ఊరోడివి, నువ్వెందుకప్పా తడుస్తాండావు?"

"మా ఆవిడకు ఊపిరి పోస్తోందండీ ఈ వాన" అన్నాను.