భర్త పేరు చెప్పని ఓటరు

వికారాబాద్‌లో ఎనిమిదో తరగతికి పౌరశాస్త్రం చెప్పేవాణ్ని. ఓటు హక్కు పాఠం వచ్చిందంటే నా గొంతు పక్క తరగతి దాకా వినబడేది. ఎనభైల మొదట్లో పంచాయతీ ఎన్నికల డ్యూటీ పడితే, పెళ్లికి పోతున్నంత సంబరంగా రైలెక్కి ధారూర్‌లో దిగి, ఎడ్లబండి మీద ఆ ఊరు చేరాను.

నాకిచ్చిన వార్డులో ఇద్దరే నిలబడ్డారు. ఒకరు పటేలు తమ్ముడు. రెండో అతను కూలి మనిషి. తన వాడకు బోరింగు వేయిస్తానని నిలబడ్డాడు. అక్కడి ఆడవాళ్లు పటేలు పొలంలోని బావి దగ్గర, ఎప్పుడు తోడుకోనిస్తారా అని బిందెలు పెట్టుకుని కూర్చునేవారట.

మధ్యాహ్నం ఆ కూలి మనిషి భార్య ఓటుకొచ్చింది. జాబితాలో ఆమె పేరుతోనే ఇంకొకామె ఉంది. భర్త పేరేమిటని అడిగాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా పెద్దోని నాయన."

"పేరమ్మా, పేరు!"

"ఎట్ల చెప్పాలె సార్? పెండ్లయినకాంచి నోట్లెకెల్లి తియ్యలే. గా ఓట్లకు నిలబడ్డాయననే సార్."

పటేలు తరఫు ఏజెంటు కిసుక్కున నవ్వాడు. "అందరు గట్లనే అంటరు సార్. పేరు చెప్పుమనుండ్రి."

కూలి మనిషికి ఏజెంటు లేడు. పొద్దున అతనే లోపల కూర్చోబోతే నేనే బయటికి పంపించాను. వరుసలో ఎవరిని అడిగినా ఆమె ఎవరో చెప్పేవారు. కానీ ఆకలి మీదున్నాను, పైగా రూల్సు పుస్తకం చేతికొస్తే వచ్చే పొగరు నాకు నిండుగా వచ్చేసింది.

"చెప్తే చెప్పు, లేకపోతే పక్కకు జరుగు" అని కసిరాను.

జరిగింది. పోలింగ్ ముగిసేదాకా గోడవారన నిలబడింది. రెండుసార్లు బల్ల దాకా వచ్చి, పెదవులు కదిపి, సిగ్గుతో వెనక్కి పోయింది. నేను చూసీ చూడనట్టు జాబితాలోకి తల దించుకున్నాను.

సాయంత్రం అక్కడే లెక్కపెట్టాం. ఇద్దరికీ సమానంగా వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టినా అంతే. రూలు ప్రకారం చీటీలు వేస్తే పటేలు తమ్ముడి పేరు వచ్చింది. బయట పటాకులు పేలాయి. ఓడినాయన నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అప్పుడామె మనుషుల్ని తోసుకుంటూ లోపలికి వచ్చింది. కొంగు నోటికి అడ్డం లేదు. భర్త పేరు ఇంటిపేరుతో సహా అందరూ వినేలా చెప్పింది. ఆయన తల వంచుకున్నాడు.

"చెప్పిన గద సార్. ఇగ కాయితమియ్యుండ్రి, ఏసిపోత" అని చెయ్యి చాపింది.

టైమైపోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పక్కనున్న గుమస్తా చెప్పాడు.