అంకమ్మరావు క్యారేజీలో ఐదో గిన్నె

మా అంకమ్మరావు బాబాయికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ కూరనూ దాని మానాన దాన్ని వదిలేవాడు కాదు. దాని పక్కన ఇంకో ఊరి కూర పెట్టి, రెండింటికీ తగువు పెడితేగాని ఆయనకు తోచేది కాదు.

బాబాయి అన్నానని చుట్టరికం వెతక్కండి. ఆయన నరసరావుపేట డిపోలో కండక్టరు, మాచర్ల బస్సు. నేను పేటలో పున్నయ్య మిలిటరీ హోటల్లో గల్లా దగ్గర కూర్చునేవాణ్ణి. మిలిటరీ హోటలంటే మాంసం వడ్డించే హోటలు, సిపాయిలెవరూ రారు. పున్నయ్యగారికి అలాంటివి మూడుండేవి, పేటలో ఒకటి, గురజాలలో ఒకటి, మాచర్లలో ఒకటి. మూడింటికీ ఒకే రంగు బోర్డు, ఒకే రకం బల్లలు, గోడల మీద "మూడు ఊళ్ళు, ఒకటే రుచి" అని ఒకే రాత.

ఆ రాత నిజం చేయడానికే పున్నయ్యగారు మాచర్లలో మసాలా మిషను పెట్టించారు. మూడు హోటళ్ళకూ అక్కణ్ణుంచే డబ్బాల్లో మసాలా వచ్చేది. అంతకు ముందు మా పేట హోటల్లో రోశమ్మ అని ఒకావిడ రుబ్బురోట్లో నూరేది. మొదటి డబ్బా దిగిన రోజే ఆవిడ చేతులు కడుక్కుని, "మిషనుకు చేతులొచ్చినాక నా చేతులతో మీకేం పని?" అని వెళ్ళిపోయింది. మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

సరిగ్గా ఆ నెలలోనే బాబాయి నాలుగు గిన్నెల క్యారేజీ కొన్నాడు.

"ఒకటే రుచి అని రాసుకున్నారు గదా, చూద్దాం" అన్నాడు.

పదకొండు గంటల బస్సెక్కే ముందు మా హోటల్లో పొట్టేలు కూర పై గిన్నెలో పోయించుకునేవాడు. గురజాల కూర రెండో గిన్నెలోకి, మాచర్ల కూర మూడో గిన్నెలోకి. అడుగు గిన్నెలో మాత్రం అన్నం, మూత పట్టనంత.

"పరీక్షకి పిడికెడు చాలదా బాబాయ్?" అని అడిగాను ఒకసారి.

"ఉత్త కూర నిజం చెప్పదురా తిరపతయ్యా. అన్నంలో కలిపితేనే దాని గుట్టు బయటపడిద్ది."

అంత తెలిసినాయనతో నేనేం వాదిస్తాను? ఇంకో గరిటె అన్నం పెట్టించాను.

తిరుగు ప్రయాణంలో బస్సు గురజాలలో పది నిమిషాలు ఆగేది. బాబాయి డ్రైవరు పక్కన ఇంజను మూత మీద క్యారేజీ విప్పేవాడు. ముందు డబ్బీ తీసి ముక్కుపొడుం రెండు ముక్కుపుటాలకూ సమంగా పట్టించేవాడు. అద్దాలు అదిరేలా తుమ్మేవాడు. తర్వాత ఒక్కో కూరా చప్పరించి, కళ్ళు మూసుకుని, తాను ఒక్క ముక్కా చెప్పకుండా ముందు సీటు వైపు తిరిగేవాడు.

"టీచరుగారూ, మీరు జెప్పండి. ఎట్టుంది?"

కృష్ణకుమారి టీచరు ఆ బస్సులో రోజూ వచ్చే మనిషి. అరచేతిలో వేసిన ముక్క మొహమాటంగా తిని, "గురజాలది కాస్త పలచగా ఉందండీ" అనేది.

"అదే! నేననుకుంది అదే!"

ఒకరోజు పిడుగురాళ్ళ దాటాక బస్సు రెండు పార్టీలైంది. కిటికీ వైపు వాళ్ళంతా గురజాల కూర, తలుపు వైపు వాళ్ళంతా మాచర్ల కూర. పేట వచ్చినా తేలలేదు. దిగమంటే ఒక్కరూ దిగరు. చివరికి డిపో మేనేజరు వచ్చి, విషయం విని, తానూ ఓ ముక్క నోట్లో వేసుకుని మాచర్ల అన్నాక గాని బస్సు ఖాళీ కాలేదు.

"నేననుకుంది అదే" అన్నాడు బాబాయి, చెమట తుడుచుకుంటూ.

నవ్వుకుంటే నవ్వుకోండి గాని, ఆ దారిలో ఆయన మాటకు తిరుగు లేదు. బస్సు దిగిన జనం ఎక్కడ తినాలో ఆయన్నే అడిగేవాళ్ళు. ఆయన "పలచన" అన్న మర్నాడు గురజాల వంటవాడు కూర ఎంత చిక్కగా చేశాడంటే గరిటె నిలబెడితే పడలేదు.

ఇలా మూడేళ్ళు గడిచాయి. ఎనభై ఆరులో పేటలో, మాకు నాలుగడుగుల దూరంలో మయూర వైభవ్ అని ఏసీ రెస్టారెంటు వెలిసింది. నల్ల అద్దాల తలుపు, తలపాగా పెట్టుకున్న దర్వాను, లోపల పట్టపగలే సాయంకాలం. వాళ్ళ మెనూ కార్డులో అన్నింటికంటే పైన "పల్నాడు మటన్ స్పెషల్" అని బంగారు అక్షరాలు. లాయర్లు, పత్తి వ్యాపారులు మా గుమ్మం ముందు నుంచే అటు నడిచి వెళ్ళడం మొదలైంది.

పున్నయ్యగారు వారం రోజులు చూసి గల్లా ముందు నిలబడ్డారు. "అంకమ్మరావుని ఆడ తినమను. అదే బాగుందని ఆయనంటే పేటలో మనం పొయ్యి ఆర్పేద్దాం. నాకు గురజాల, మాచర్ల చాలు."

మా వంటమనిషి చిన్నప్ప చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ పొయ్యి మీద అతనికి పద్దెనిమిదేళ్ళు. నా కుర్చీకి ఆరేళ్ళు. మా ఇద్దరి బతుకూ ఇక బాబాయి నాలుక మీద ఉంది. ఆయన ఆ సాయంత్రమే స్టీలు కొట్టుకు వెళ్ళి క్యారేజీకి ఐదో గిన్నె చేర్పించుకొచ్చాడు. అది బస్సులో నిలబెడితే పక్కనున్న ముసలాయన దానిక్కూడా టిక్కెట్టు కొట్టమన్నాడు.

మర్నాడు మాచర్ల నుంచి రాగానే ఆయన ఏసీ హోటలుకు బయల్దేరాడు. నన్ను తోడు రమ్మన్నాడు. వెళ్ళాం. మెత్తటి కుర్చీలో కూరుకుపోయాం. కూర వచ్చింది గాని ఆ చీకట్లో ఏది గిన్నో ఏది చెయ్యో తెలియలేదు. బాబాయి సంచీలోంచి టిక్కెట్లు చూసే టార్చిలైటు తీసి కూర మీద వేశాడు. చుట్టుపక్కల బల్లల వాళ్ళు ఉలిక్కిపడ్డారు.

మెడకు నల్ల బో కట్టుకున్న బేరరు పరుగున వచ్చాడు. "ఎనీ ప్రాబ్లం సర్?"

"ఎముకేదయ్యా?"

"బోన్‌లెస్ సర్."

"ఎముకే లేకపోతే ఆ పొట్టేలు పల్నాట్లో ఎట్టా నిలబడింది?"

"మా చెఫ్ బెంగుళూరు నుంచి వచ్చారు సర్."

"ఆయన పల్నాడు చూశాడా?"

"నిన్న రైలు దిగారు సర్." బేరరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "బాబాయ్, నేను యేసుపాదాన్ని. మాది ఈ పక్కనున్న ఎడ్లపాడే. ఈడ ఇట్టా మాట్టాడమన్నారు, ఏం చెయ్యను? ఆ టార్చి ఆపు, నా ఉద్యోగం పొయ్యిద్ది."

బాబాయి టార్చి ఆపాడు. పొడుం పట్టించాడు. ఆయన తుమ్ముకు దర్వాను లోపలికి తొంగిచూశాడు. రెండు ముక్కలు నమిలి నా వైపు తిరిగాడు.

"ఎట్టుందిరా?"

నిజం చెప్పడానికి భయమేసింది. ముక్క వెన్నలా ఉంది. "మెత్తగా ఉంది బాబాయ్" అన్నాను.

నేననుకుంది అదే అంటాడనుకున్నాను. అనలేదు. మిగిలిన కూర ఐదో గిన్నెలోకి వంపుకుని, "రేపు జెప్తా" అని లేచాడు.

రేపటిదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? ఇంకా వెలుతురుండగానే వెనకాలే నడిచాను. బాబాయి తన ఇంటి వైపు తిరగలేదు. రైలుకట్ట దాటి, ఒక రేకుల ఇంటి ముందు ఆగి, "అక్కా, పని తెచ్చా" అని పిలిచాడు.

తలుపు తీసింది రోశమ్మ. మూడేళ్ళలో చిక్కిపోయింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని వచ్చి నులకమంచం మీద కూర్చుంది. బాబాయి ఆమె ముందు ఐదు గిన్నెలూ వరసగా పెట్టి, పుస్తకం పెన్సిలు పట్టుకుని బడిపిల్లాడిలా కింద కూర్చున్నాడు. నేను దడి వెనక నక్కాను.

ఆమె ఒక్కో కూరా అన్నంలో కలుపుకుని, నిదానంగా, కడుపారా తింటూ చెప్పింది.

"ఇది మాచర్లది. ధనియాలు మాడినై. ఇది గురజాలది, పలచనన్న మాట పడలేక పిండి కలిపాడు. ఇది పేటది. చిన్నప్ప చెయ్యి మంచిదే, మసాలాకి ప్రాణం లేదు, డబ్బాలో పది రోజులు మగ్గింది. ఈ కొత్తదేందిరా?"

"ఏసీ హోటలుది. నిజం జెప్పక్కా, చిన్నప్ప, తిరపతయ్య ఇళ్ళల్లో పొయ్యిల సంగతి."

"మాంసం మాత్రం లేతది. మనోళ్ళు ఇంత మంచి పొట్టేల్ని కొయ్యటంలా. పాపం దాన్ని జీడిపప్పు ముద్ద కింద పూడ్చిపెట్టారు. దీన్ని పల్నాడు కూరంటే పల్నాడు కూడా ఒప్పుకోదు." చెయ్యి కడుక్కుని అంది, "రేపు కూడా ఉందా పని?"

"లేకేం? మా డిపో అంతా నీ మాట మీదే నడిచిద్ది."

బయటికొచ్చిన బాబాయికి దడి వెనక నేను దొరికిపోయాను. తిడతాడనుకున్నాను. నా భుజం మీద చెయ్యేసి రైలుకట్ట దాకా తీసుకొచ్చాడు.

"ఒరేయ్, పొడుం పీల్చి పీల్చి నా ముక్కు పొయ్యి పదేళ్ళయింది. ఉప్పూ కారం తప్ప నాకేం తెలవదు."

"మరి మూడేళ్ళ నుంచీ ఈ తగువులన్నీ?"

"మిషనొచ్చినాక ఆమెకి పని లేదు. మోకాళ్ళు పొయ్యినై. అన్నం తీసుకుపోతే 'నేను అడుక్కుతినేదాన్నా?' అని తలుపేసింది. పనని జెప్తే తినిద్ది. అందుకని క్యారేజీ కొన్నా."

మూత పట్టనంత అన్నం ఎందుకో నాకప్పుడు అర్థమైంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన అది చూడకుండా పొడుం డబ్బీ తీసి గట్టిగా తుమ్మాడు.

మర్నాడు పున్నయ్యగారు, చిన్నప్ప, నేను వరసగా నిలబడ్డాం. బాబాయి పుస్తకం తెరిచి చదివాడు. "మాంసంలో వాళ్ళు నెగ్గారు. మీరు మార్చుకోవాల. పల్నాడు మాత్రం ఆడాలేదు, ఈడాలేదు."

"మరెక్కడుందయ్యా?" అన్నారు పున్నయ్యగారు.

"మీ రుబ్బురోలు ఏం జేశారు?"

అందరం పెరట్లోకి చూశాం. దాని మీద మూడేళ్ళుగా నీళ్ళ డ్రమ్ము కూర్చుని ఉంది.

"డ్రమ్ము దించితే ఎవరైనా నూరతారు. అది సరిగ్గా నలిగిందో లేదో చెప్పాలంటే ఒక నాలుక కావాల. నాకు డ్యూటీ ఉంది. నాకంటే మంచి నాలుక రోశమ్మది. మీరే పొయ్యి అడగండి."

ఆ సాయంత్రం పున్నయ్యగారు చెప్పులేసుకుని తానే రైలుకట్ట దాటి వెళ్ళారు. రోశమ్మ మొదట ఆయనకు మంచం మీద చోటు చూపించలేదట. చివరికి, "రుచి చూసినందుకు తింటా. ఊరికే పెడితే లేచిపోతా" అని ఒప్పుకుంది.

మా వంటింట్లో ఆమెకొక ఎత్తుపీట వేశాం. ఇద్దరు నూరేవాళ్ళు, ఒక చిన్నప్ప, అందరి మీదా ఆమె నోరు. మాచర్ల డబ్బాలు ఆగిపోయాయి. గోడ మీద "ఒకటే రుచి" అన్న రాతకు ఆవిడే సున్నం కొట్టించింది. రెండు నెలలకు లాయర్లు తిరిగొచ్చారు. మయూర వైభవ్ కూడా బాగానే నడిచింది. కాకపోతే మధ్యాహ్నం మూడింటికి నల్ల బోలు జేబుల్లో పెట్టుకుని వాళ్ళ బేరర్లంతా మా పెరటి తలుపు నుంచి వచ్చి తినేవాళ్ళు. ముందు నడిచేది యేసుపాదం.

ఆ తర్వాత ఒకరోజు బాబాయి క్యారేజీ లేకుండా వచ్చాడు. రెండు చేతులూ ఖాళీగా ఉండేసరికి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు. పొట్టేలు కూర వేయించుకున్నాడు. పొడుం పట్టించి తుమ్మితే వంటింట్లోంచి "ఆ ముక్కుని మూసెయ్యి, కూరలో పడిద్ది!" అని రోశమ్మ అరిచింది. ఆయన విస్తరి ఖాళీ చేసి, గల్లా దగ్గరికొచ్చి, ఎవరూ వినకుండా నా చెవి దగ్గర వంగాడు.

"ఒరేయ్ తిరపతయ్యా, ఇయ్యాల కూర ఎట్టుంది?"

"చానా బాగుంది బాబాయ్."

ఆయన మొహం వెలిగిపోయింది. బస్సు వైపు నడుస్తూ, వీధంతా వినబడేలా అన్నాడు.

"అదే! నేననుకుంది అదే!"