ఎడమకు తిరగని గాడిద

మా చిన్న మేనమామ నీళ్ల బండి తోలేవాడు. ఒకసారి ఆయన గాడిద మెడకు, కుడివైపున, ఇనుప రేకు గీరుకుని పెద్ద గాయమైంది. గాయం మానింది గాని, మచ్చ పాత చెప్పు తోలులా బిగుసుకుపోయింది. ఎడమకు తిరగాలంటే కుడివైపు చర్మం సాగాలి కదా, అది సాగనంది. దాంతో గాడిద కుడికి తప్ప తిరగడం మానేసింది.

మామయ్య ఇల్లు ఎడమ సందు మొదట్లోనే ఉంది. అయినా కుడికీ, మళ్లీ కుడికీ తిరుగుతూ ఊరంతా చుట్టబెట్టి ఇంటికి చేరేవాడు. కొన్నాళ్లకు ఆయనకూ అదే అలవాటైంది. మంచం మీద ఎడమ పక్కనున్న అత్తయ్యతో మాట్లాడాలంటే, దిగి చుట్టూ తిరిగి వచ్చేవాడు.

అత్తయ్యకు ఒళ్లు మండింది. "ఏమండీ, చలికాలం వెళ్లేలోగా అది నేరుగా సందులోకి తిరగాలి. లేదంటే అమ్మేయడమే."

మామయ్యకు గాడిదంటే ప్రాణం. నిక్కర్లకు వేసే ఎలాస్టిక్కు మూరెడు పట్టుకుని పశువుల డాక్టరు దగ్గరకు పరుగెత్తాడు.

"దీన్ని లోపల పెట్టి కుట్టేయండి డాక్టరుగారూ."

"అది ఒంట్లోనే తయారవ్వాలయ్యా. దెబ్బ తగలగానే ఒళ్లు కంగారుపడి గట్టి నారతో చిల్లు పూడ్చేస్తుంది. సాగే నార తర్వాత తీరిగ్గా, కొంచెం కొంచెంగా వస్తుంది. మునుపటంత రాదు, వచ్చినా కుదురుగా అల్లుకోదు."

"అందాకా మా ఆవిడ ఆగదండీ!"

"ఆవిడకు నా దగ్గర మందు లేదు."

ఇక మామయ్య రోజూ ఎడమవైపు నిలబడి క్యారెట్టు చూపించాడు. ముందు గాడిద కన్ను తిరిగింది. తర్వాత చెవి. చలికాలం పోతుండగా మెడ కొద్దిగా కదిలింది.

గడువు నాడు, కొనడానికి వచ్చిన ఇటుకల మేస్త్రీని పక్కన నిలబెట్టుకుని, అత్తయ్య సందు మొదట్లో కాపు కాసింది. గాడిద వచ్చింది. ఎడమకు తిరిగింది, కానీ సగమే! బండి ఆగలేదు. సందు మూలనున్న పడకగది గోడ దభీమని కూలింది. గాడిద తల సరిగ్గా మామయ్య తలగడ మీద వాలింది.

"సగం తిరిగిందిగా!" అన్నాడు మామయ్య, ఏడుపు గొంతుతో.

మేస్త్రీ కన్నాన్ని జానలతో కొలిచాడు. "ద్వారబంధం చక్కగా పడుతుందమ్మా."

అత్తయ్య గాడిదను చూసింది, మొగుణ్ణి చూసింది. "సరేలెండి. అది సగం తిరిగింది, మిగతా సగం ఇల్లు తిరిగింది. దాన్ని లోపలికి తోలండి."

ఇప్పటికీ వాళ్లింటికి చుట్టాలు పడకగదిలోంచే వస్తారు. అత్తయ్య మాత్రం గాడిద మెడ మీది మచ్చను, సాగిందేమోనని రోజూ వేళ్లతో లాగి చూస్తుంది. అది పూర్తిగా తిరిగిన రోజున గోడ మళ్లీ కట్టించుకోవాలని ఆవిడ ఆశ.