కొబ్బరినూనె పట్టించిన జీపు

లాజరు జీపు బాగుచేస్తున్నాడంటే మా వీధిలో అందరికంటే ముందు నవ్వింది నేనే. ఒప్పుకుంటాను. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య నడుమెత్తు గోడ. బడి నుంచి వచ్చి డాబా మీద కుర్చీ వేసుకుంటే వాళ్ళ పెరడంతా నా కళ్ళ ముందే. చక్రాల్లేకుండా కొబ్బరి దుంగల మీద కూర్చున్న ఆ జీపును చూసి, "ఏటి లాజరూ, ఈ జన్మలో కదుల్తాదా?" అని రోజూ అడిగేవాణ్ణి.

"జీడిపిక్కలు రాలేలోపు కదల్తాది మాస్టారూ" అనేవాడు, తల ఎత్తకుండానే.

ఒకప్పుడు పలాస నుంచి బారువ దాకా లాజరు తెలియనివాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళు సర్వీసు జీపు నడిపాడు. ఎనిమిది మంది పట్టే బండిలో పద్దెనిమిది మందిని కుక్కి, పైన ఎండుచేపల బుట్టలు కట్టి, దారంతా అందరినీ నవ్విస్తూ తీసుకుపోయేవాడు. మూడేళ్ళ కిందట జీడితోటలో ఎలుగుబంటి అతని మీద పడింది. ఎడమ చెవి, బుగ్గలో సగం పోయాయి. నెలన్నర విశాఖపట్నం ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. వచ్చిన మనిషి వేరు. ఎండుటాకు కదిలితే చాలు, చేతిలో గ్లాసు జారిపోయేది. ఆదివారం చర్చిలో ఎడమవైపు గోడకు ఆనుకునే కూర్చునేవాడు. సర్వీసు మానేశాడు. తోటకు వెళ్ళడమూ మానేశాడు.

జీడిచెట్లు మాత్రం కాపు మానలేదు. ఇసుక దిబ్బల అవతల రెండు కిలోమీటర్ల దూరంలో వాళ్ళ ఎకరన్నర తోట. మార్చి నుంచి మే దాకా రాలిన పిక్కలు తెల్లారేసరికి ఏరుకోవాలి, లేకపోతే ఉండవు. భార్య నయోమి గోనెసంచి భుజాన వేసుకుని ఒక్కర్తే వెళ్ళేది. లాజరు ఆమె వెంట వీధి చివర దాకా, తారు ఆగి ఇసుక మొదలయ్యే చోటి దాకా వెళ్ళేవాడు. ఇసుకలో అడుగు పెట్టేవాడు కాదు. ఆమె తిరిగొచ్చేవరకూ రెండు గంటలైనా మూడు గంటలైనా అక్కడే నిలబడేవాడు. పెళ్ళాన్ని అడవికి పంపి రోడ్డు మీద కాపలా కాస్తున్నాడని ఊరు ఎగతాళి చేసింది, ఊరితో పాటు నేనూ చేశాను. నయోమి మాత్రం పల్లెత్తు మాట అనలేదు. ఆమెకు భయమంటే తెలియదని మేమంతా నమ్మేశాం.

కిందటి క్రిస్మస్ వెళ్ళిన వారానికి, కోటబొమ్మాళిలో పాత ఇనుము కొట్టు వెనక పడి ఉన్న ఫోర్ వీల్ జీపును ట్రాక్టరుకు కట్టి తెచ్చాడు. మామూలు బండి ఇసుకలో తన గొయ్యి తనే తవ్వుకుని కూర్చుంటుంది. ముందు చక్రాలు కూడా లాగితేనే దిబ్బ ఎక్కుతుంది. నయోమిని రేకు తలుపులున్న బండిలో తోట మధ్య దాకా తీసుకెళ్ళాలి, ఆమె ఏరుతున్నంతసేపూ ఇంజను ఆపకుండా పక్కనే ఉండాలి. అతని ఆలోచన అంతే.

సముద్రపు గాలికి నట్లన్నీ తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. పలాస మెకానిక్ చెప్పిన స్ప్రే డబ్బా రెండు రోజుల్లో అయిపోయింది. ఇంట్లో గానుగాడించిన కొబ్బరినూనె ఉంది. మా ఉద్దానంలో తలకైనా మోకాలికైనా తలుపు బందుకైనా అదే కదా. పేలికలు నూనెలో ముంచి నట్టు నట్టుకూ చుట్టి రాత్రంతా వదిలేసేవాడు. పొద్దున పానా వేస్తే కదిలేది. భేష్ అన్నాను నేను. గుళ్ళో దీపపు కుందులు ఎలుగు నాకిపోయిందనీ, కొట్టు తలుపు విరిచి నూనె ప్యాకెట్లు చింపిందనీ ఏటా చెప్పుకునే ఊరు మాది. అయినా మాలో ఒక్కరికీ తట్టలేదు.

మార్చి రెండో వారానికి ముందు చక్రాల ఇరుసు తిరగడం మొదలుపెట్టింది. బ్రేకులు మిగిలాయి, అవయ్యాక చక్రాలు తగిలించడమే. గొట్టాల్లో చేరిన గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కి పట్టుకుంటే, ఒకరు కింద పడుకుని మర వదులు చేయాలి. సాయంత్రం ఐదున్నరకు నయోమి సీట్లో ఉంది, లాజరు బండి కింద ఉన్నాడు.

"తొక్కు."

"తొక్కినాను."

"ఇంక ఒగ్గీ." ఆమె కాలు తీసింది.

నేను పేపరు చదువుకుంటున్నాను. మళ్ళీ "తొక్కు" అన్నాడు. జవాబు లేదు. "తొక్కినావా?" అన్నాడు.

తల ఎత్తి చూశాను. ఎలుగు కంచె దాటి పెరట్లోకి వచ్చేసింది. ఏ తొందరా లేకుండా జీపు వెనక వైపుకి నడిచి, చక్రం ఉండాల్సిన చోట మూతి పెట్టి, నట్టుకు చుట్టిన పేలికను నాకడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు డాబా మీద నాకు వినిపించింది. లాజరు కాళ్ళు అవతలి వైపు బయటికి ఉన్నాయి. తల దానికి మూరెడు దూరంలో ఉంది.

నేను అరవలేదు. అరిస్తే బెదిరి అతని మీద పడుతుందని ఆగానని అడిగినవాళ్ళకు చెబుతుంటాను. అబద్ధం. నాకు నోరు పెగల్లేదు. మా మెట్ల తలుపు వేసి ఉందా లేదా అని చూసుకున్నాను, అదీ నా ధైర్యం.

ఎలుగు ముందుకాళ్ళు ఎత్తి చట్రం మీద వేసింది. బండి కిర్రుమంది. దుంగ కింద ఇసుక జారి జీపు ఒక పక్కకు వాలింది. కిందున్న మనిషి గుండెకూ ఇనుముకూ మధ్య జానెడు కూడా లేదు. నయోమి రెండు చేతులూ స్టీరింగు మీద బిగుసుకుపోయాయి. మూడేళ్ళు ఒంటరిగా తోటలో తిరిగిన మనిషి కనురెప్ప కూడా వేయడంలేదు.

అప్పుడు కింది నుంచి లాజరు గొంతు మెల్లగా వినిపించింది.

"నయోమీ, దాన్ని సూడకు. నీ సెయ్యి కాడ హారనుంది. నొక్కి ఒగ్గకు."

ఆమె కదల్లేదు. అదే మాట, అదే గొంతుతో మళ్ళీ చెప్పాడు. మూడోసారికి ఆమె చెయ్యి కదిలింది.

సర్వీసు రోజుల్లో నాలుగూళ్ళకు వినిపించే హారను అది, పాత జీపు నుంచి తీసి దీనికి బిగించాడు. ఎలుగు వెనక్కి పడి, నోట్లో పేలికతోనే కంచె తొక్కుకుని పారిపోయింది. హారను మాత్రం ఆగలేదు. లాజరు పాక్కుంటూ బయటికొచ్చి ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు.

జనం వచ్చారు, చూశారు, వెళ్ళారు. నేను అందరికంటే చివర దిగాను. ఇద్దరూ జీపు పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు.

"నీకు బయం నేదనుకున్నాను" అన్నాడు లాజరు.

"మూడేళ్ళ నుంచి పేనాలు అరిసేతిలో ఎట్టుకునే ఎల్తన్నాను" అంది నయోమి. "నువ్వు ఇసక కాడ నిలబడితే తిరిగి సూసేదాన్ని కాదు. సూత్తే ఇంక ఎల్లలేను. ఇద్దరం బయపడితే పిక్కలు ఎవులేరతారు?"

నాకు సిగ్గేసింది. లాజరు లేచాడు. నట్లకున్న పేలికలన్నీ విప్పి కాల్చాడు. జాకీ వేసి బండి ఎత్తి, దుంగల కింద బండరాళ్ళు సర్దాడు. కంచె వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

"రేపు సేసుకోవచ్చు కదా లాజరూ" అన్నాను.

"తెల్లారితే నయోమి తోటకెల్లాల మాస్టారూ" అన్నాడు.

వెల్లకిలా పడుకుని మళ్ళీ బండి కిందికి జరిగాడు. నయోమి సీటెక్కింది.

"తొక్కు" అన్నాడు.

"తొక్కినాను" అంది.

చీకటి పడేలోపు నాలుగు బ్రేకుల్లోనూ గాలి తీశాడు. ఎలుగు నాకిన చోటికి చివర వెళ్ళాడు. అతని గొంతు మొదటి నుంచి చివరి దాకా వణుకుతూనే ఉంది, పని మాత్రం ఒక్కసారీ ఆపలేదు.