రెండేళ్ళు ఆగమన్న మాట

పాపను ఎత్తుకుని అత్తవారింటి ముందు కారు దిగినప్పుడు అందరూ పాపను చూశారు. నేను మా గది తలుపు వైపు చూశాను.

కాన్పు కష్టమై పెద్దాపరేషన్ చేశారు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు లేడీ డాక్టరుగారు అమ్మనూ నన్నూ కూర్చోబెట్టి, రెండేళ్ళదాకా మళ్ళీ గర్భం రాకూడదని, వస్తే లోపలి కుట్లు విడిపోయి ప్రాణం మీదికి వస్తుందని విడమరిచి చెప్పారు. ఆ మాట మా ఆయనకు ఎవరు చెప్పాలన్నదే తేలలేదు.

"అల్లుడుగారితో అలాంటి మాట నేనెలా అంటానే? మీ నాన్నగారైతే అసలే అనరు. నువ్వే చెప్పుకో," అంటూ వచ్చింది అమ్మ, పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ.

నేను డిగ్రీలో జువాలజీ చదివాను. గర్భాశయం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. అయినా మా ఇళ్ళలో ఆ విషయం ఆడది ఎత్తకూడదు. ఎత్తితే, ఇవన్నీ నీకెలా తెలుసు అని అడుగుతారు. దానికి ఏం చెప్పినా తప్పే.

అప్పటికి మా రొయ్యల చెరువులు ఆఖరి నెలలో ఉన్నాయి. కాపలాకని ఆయన పడక చెరువుగట్టు మీది పాకలోనే. భోజనానికే ఇంటికి వచ్చేవారు. రొయ్యలు పట్టే రోజు, అదే పట్టుబడి, ఎప్పుడొస్తుందా అని ఇల్లంతా ఎదురుచూస్తుంటే, రొయ్య ఇంకా ఎదగలేదన్న మాట వినబడగానే నేను ఊపిరి పీల్చుకునేదాన్ని.

చివరికి మా తోడికోడలితో చెప్పాను. ఆవిడ ఆయన అన్నగారి భార్య. వదిన వరస కాబట్టి ఆయనతో ఎలాంటి మాటైనా నవ్వుతూ అనగలదు. మర్నాడు మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అనేసింది.

"మరిదిగారూ, పట్టుబడి అయిపోయినా మీరు పాకలోనే పడుకోవాలండోయ్! రెండేళ్ళదాకా మా చెల్లి జోలికి రావద్దన్నారట డాక్టరుగారు."

బావగారు కంచంలోకి వంగిపోయారు. మా ఆయన నవ్వారు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

"డాక్టర్లు అలాగే అంటారు. నాకు ఏడాది తిరక్కుండా రెండోవాడు పుట్టలేదేంటి? ఆడపిల్లతో ఆగిపోతారా?" అన్నారు అత్తగారు.

భోజనం కాగానే ఆయన గదిలోకి వచ్చారు. పాపకు పాలిస్తున్నాను.

"అందరి ముందూ నా పరువు తీశావు. నాతో చెప్పడానికేంటి?"

"భయమేసిందండి."

"నేనెప్పుడైనా నిన్ను కొట్టానా?"

కొట్టలేదు. కొట్టని మనిషంటే భయమెందుకో నాకే చెప్పడం రాలేదు. తల ఎత్తకుండా డాక్టరుగారి మాటలన్నీ గబగబా అప్పజెప్పాను. చచ్చిపోతానేమో అని కూడా అన్నాను.

ఆయన మంచం అంచున కూర్చున్నారు. గొంతు తగ్గించి, "అయితే అవి... మందుల షాపులో నేనే అడగాలా? ఆ షాపు వాడు నాతో చదువుకున్నాడు. కొడుకు పుట్టకుండానే ఇవి కొంటున్నాడని ఊరంతా చెప్పడూ?" అన్నారు.

అప్పటిదాకా భయం నా ఒక్కదానిదే అనుకున్నాను.

పట్టుబడి అయ్యాక పెనుగొండ వెళ్ళి, తనను ఎవరూ ఎరగని షాపులో కొనుక్కొచ్చారు. "అమ్మకు తెలియనివ్వకు," అని నా చేతిలో పెట్టారు.

ఇప్పుడు ప్రతినెలా నేను దూరం కూర్చోగానే అత్తగారు వాకిట్లోంచి అడుగుతారు, "ఈ నెలా అంతేనా?" అని. "అంతేనండి," అంటాను. ప్రాణం కుదుటపడ్డ సంగతి ముఖంలో కనబడకుండా తల వంచుకుంటాను. నా ఒంట్లోనే ఏదో లోపముందంటారావిడ. ఆయన అక్కడే ఉంటారు, పేపరు చదువుతూనో, చెప్పులు వేసుకుంటూనో. 'అమ్మా, ఆగుదామన్నది నేనే' అంటే చాలు. అనరు. పెళ్ళాం మాట విని ఆగాడని నవ్వుతారేమోనని ఆయన భయం.

నిన్న అత్తగారు పాపను ఒళ్ళో ఆడిస్తూ, "తొందరగా తమ్ముణ్ణి తెమ్మని మీ అమ్మతో చెప్పవే. లేకపోతే మీ నాన్నకు ఇంకో పెళ్ళి చేసేస్తాను," అన్నారు.

తోడికోడలు నవ్వింది. ఆయనా నవ్వారు. నేనూ నవ్వాను. నేనొక్కదాన్నే నవ్వకపోతే ఆ మాట నిజమైపోతుందేమో అనిపించింది.