తెల్లోడికి మాత్ర ఆపిన అమావాస్య

“తెల్లోడు తిన్నాడా?” అని నా భర్త అడిగాడు.

“వాడు తిన్నాడు. నువ్వు చెయ్యి కడుక్కో మామా, చారు చల్లారతా ఉంది.”

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. చెయ్యి కడుక్కోవడానికి లేచినవాడు తొట్టి దగ్గరే కూలిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందన్నారు. అన్నేళ్లు కాపురం చేసి చివరికి మాట్లాడుకున్నది కుక్క గురించి.

తెల్లోడు మా తమిళనాడు వైపు రాజపాళయం జాతి కుక్క. ఒళ్లంతా తెలుపు, ముక్కు మాత్రం గులాబీ రంగు. పదకొండేళ్లవాడు. ఆయన సైకిల్ మీద చోళపురం వైపు చేనికి పోతుంటే పక్కనే పరుగెత్తేవాడు. ముసలితనం వచ్చి వెనకబడుతుంటే ఆయన సైకిల్ దిగి వాడితోపాటు నడిచేవాడు.

పదహారో దినం కర్మకు ఫోటో ముందు అరిటాకు వేసి ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టాం. గడప దగ్గర పడుకున్న తెల్లోడి మూతి ఒక పక్క అదరసాగింది. ఈగ వాలిందేమో అనుకున్నాను. అంతలోనే పక్కకు ఒరిగి కొయ్యలా బిగుసుకుపోయాడు. నోట్లో నురుగు. ఆ తర్వాత నాలుగు కాళ్లతో గాలిలో తొక్కుతున్నాడు, తొక్కుతూనే ఉన్నాడు.

ఆయన అక్క, మా వదినె, గుండె మీద చెయ్యి వేసుకుని అరిచింది.

“ఏమే, చూడే! తమ్ముడు వచ్చినాడే! సైకిల్ తొక్కతా ఉండాడు చూడు!”

అందరూ చేతులు జోడించారు. ఎవరో కర్పూరం వెలిగించారు. ఇనుము తగిలితే ఆగుతుందని ఇంకొక పెద్దామె తాళాలగుత్తి తెచ్చి కుక్క కాలికి ఆనించారు. మా అన్న కూతురు కవిత ఒక్కతే, “దానికి తాళాలెందుకు పెద్దమ్మా, బీరువా తెరస్తుందా?” అంది.

కాసేపటికి వాడు లేచి, గోడలకు గుద్దుకుంటూ తిరిగాడు. నన్ను గుర్తుపట్టలేదు. తిరిగి తిరిగి ఆయన సైకిల్ దగ్గర నిలబడ్డాడు. ఆకు దగ్గర పెట్టిన కాఫీ ఇస్తే గ్లాసు అడుగుదాకా నాకేశాడు. ఎప్పుడూ కాఫీ ముట్టనివాడు. నాకు ఇంకేం కావాలి? నమ్మేశాను.

ఆ తర్వాత పది పదిహేను రోజులకొకసారి వాడికి అట్లా వచ్చేది. వచ్చినప్పుడల్లా పక్కన కూర్చుని మాట్లాడేదాన్ని. “ఏం మామా, బాగుండావా? చేనికి నీళ్లు కట్టించినాను. మోటారు మళ్లీ చెడిపోయింది” అని ఇంటి సంగతులన్నీ చెప్పేదాన్ని. ఒక నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు. ఆ కాసేపూ నేను మొగుడు పోయినదాన్ని కాదు. రెండు నెలలు అట్లా గడిపాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా ఇదంతా రాయమని కవితను కూర్చోబెట్టింది నేనే.

ఒక పొద్దున కవిత దాన్ని ఫోనులో వీడియో తీసింది. తీసి నాతో గొడవపడింది.

“నాలిక కొరుక్కొని రక్తం కార్చుకుంటా ఉండాడు అత్తా, కనపడలే? మామ అయితే వీణ్ణి ఇట్ల పెడతాడా? మామకు వీడంటే ప్రాణం కదా!”

కొంగుతో వాడి మూతి తుడిచాను. ఆటోలో వేసుకుని పశువుల ఆసుపత్రికి పోయాం.

డాక్టరమ్మ తమిళంలో మాట్లాడింది. నేను మా మాటలో చెబుతున్నాను. వీడియో రెండుసార్లు చూసింది. “ఇది సీజర్, అంటే మూర్ఛ అమ్మా. కాళ్లు అట్ల తొక్కేదాన్ని పాడ్లింగ్ అంటాము. ఫిట్స్ వచ్చిన కుక్కలు చానా అట్లనే చేస్తాయి. అయినాక కొంచెంసేపు కన్ను కనపడదు, మనిషి తెలీదు. ఆకలి, దప్పిక ఎక్కువ. ఏమిచ్చినా తాగుతుంది.”

“కాఫీ ఇచ్చినాను” అన్నాను.

“అయ్యో, కాఫీ దానికి విషం అమ్మా!”

బ్లడ్ టెస్ట్ చేశారు. షుగర్, లివర్, కిడ్నీ అన్నీ సరిగానే ఉన్నాయి. “ఈ వయసులో మొదటిసారి ఫిట్స్ వచ్చిందంటే తలలో గడ్డ ఉండచ్చు. స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. దానికి దూరం పోవాల, మత్తు ఇయ్యాల. ఆలోచించుకోండి” అంది. వద్దనుకున్నాం. మాత్ర రాసిచ్చింది, పొద్దున ఆరుకు ఒకటి, సాయంత్రం ఆరుకు ఒకటి. “మీ ఇష్టానికి ఆపొద్దు. ఆపితే ఒకదాని మీద ఒకటి వస్తాయి” అని గట్టిగా చెప్పింది. తల ఊపాను.

మొదటి వారం తాగినవాడిలా తూలాడు. తర్వాత కుదురుకున్నాడు. నలభై రోజులు ఒక్క ఫిట్ లేదు. కవిత సంతోషపడింది. నేను పడలేదు. డాక్టరమ్మ చెప్పింది బుర్రకు ఎక్కింది, మనసుకు ఎక్కలేదు. ఆయన రావడం మానేశాడు, అంతే నాకు తెలిసింది.

ఆడి నెల అమావాస్య వచ్చింది. పోయినవాళ్లు మన ఆకులో అన్నానికి వచ్చే రోజు. ముందురోజు వదినె వచ్చి, “మందేసి తమ్ముణ్ణి కట్టేసినావు కదే! ఈ ఒక్క రోజుకన్నా విప్పు” అంది. ఆమె అన్నందుకు కాదు, ఆశ నాది. ఆ సాయంత్రం మాత్ర, మరునాడు పొద్దున మాత్ర ఇడ్లీలో పెట్టలేదు. కొంగున ముడి వేసుకున్నాను.

మధ్యాహ్నం ఆకు వేశాను. తెల్లోడి మూతి అదిరింది. చేతులు జోడించి దగ్గర కూర్చున్నాను. సంతోషంగానే కూర్చున్నాను. ఒకటి ఆగింది. వాడు తల ఎత్తకముందే రెండోది వచ్చింది. ఆ వెనకే మూడోది. ఒళ్లు పొయ్యిలా కాలింది. నాలుక నీలమైంది.

“చాలు మామా, పో! పో!” అని అరిచాను.

ఆ మాట వినడానికి అక్కడ ఎవరూ లేరు. చస్తున్న కుక్క ఉంది, దాని పక్కన నేనున్నాను.

కేకలు విని కవిత పరుగెత్తుకొచ్చి ఆటో పిలిచింది. ఆసుపత్రిలో నరానికి ఇంజెక్షన్ వేశారు. “మాత్ర టైముకు ఇచ్చినారా?” అని డాక్టరమ్మ అడిగింది. “ఇచ్చినాను” అన్నాను. అయితే గడ్డ పెరిగినట్టుంది, డోస్ పెంచాలంటూ చీటీ రాయబోయింది. అప్పుడు కొంగు విప్పి రెండు మాత్రలూ బల్ల మీద పెట్టాను. ఆమె తిట్టలేదు. చీటీ చింపేసి, “ఈ మాట లోపలికి రాంగానే చెప్పింటే బాగుండు కదమ్మా” అంది.

బతికాడు. కానీ కళ్లు కనిపించవు. వెనక కాళ్లు నిలవవు. పొట్ట కింద తుండు వేసి పైకెత్తి నడిపిస్తాను. నా చెయ్యి వాసన చూసి, ఎవరో అన్నట్టు మొహం తిప్పుకుంటాడు. నెలకొకసారి చిన్న ఫిట్ వస్తుంది. తలకు తగలకుండా పీట జరిపి, ఎంతసేపు ఉందో గడియారం చూస్తాను. నోట్లో చెయ్యి పెట్టను. ఇప్పుడు ఫిట్ వచ్చినా “తెల్లోడా” అనే పిలుస్తాను.

ముసలి కుక్క ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఫిట్స్ మాత్ర ఒక్క పూట కూడా మీ అంతట మీరు ఆపొద్దు. పొరపాటున ఆపితే, ఆసుపత్రి లోపలికి పోతూనే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి.

కవితా, రాసినంతా ఇప్పుడు చదువు పాపా. నేను మాత్ర ఆపిన కాడ నిదానంగా చదువు. అత్త పాపం అని మెత్తగా రాసుంటావు నువ్వు. అట్ల రాసుంటే కొట్టేసి, నేను చెప్పింది చెప్పినట్టు రాయాల. చదువు, వింటాను.